మూడో పళ్ళెం

కొలిమిపాడులో తెల్లవారడం రెండు విడతలుగా జరుగుతుంది. మొదట సూర్యుడు ఉదయిస్తాడు. ఆ తరువాత, పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే కర్మాగారపు పొగగొట్టం దయతలిచినప్పుడు, ఆ సూర్యుడు కనిపిస్తాడు. ఈ రెండింటికీ నడుమ ఊరివాళ్ళు పళ్ళు తోముకుంటారు, తలలు పట్టుకుంటారు, పిల్లలను బడికి పంపుతారు. ఊరికి తూర్పున ఒక కొండ, కొండమీద ఒక గుడి ఉన్నాయని పెద్దలు చెబుతారు. పిల్లలు నమ్ముతారు, పిల్లలు రాక్షసులను కూడా నమ్ముతారు గదా.

ఆ ఊళ్ళోని ప్రభుత్వ మేధా పరిరక్షణ సంస్థలో వకుళ పరిశోధకురాలు. మాట మెత్తన, నడక మెత్తన. సమావేశంలో చెయ్యి ఎత్తవలసి వస్తే ముందు కొంగు సర్దుకుని, తరువాత కుర్చీ సర్దుకుని, చివరికి ఎత్తకుండానే ఊరుకునే మనిషి. రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసే భర్త వారానికొకసారి ఇల్లు చేరతాడు. మిగిలిన రోజులు ఆమె, రెండో తరగతి చదివే కూతురు మేదిని, ఇంటి యజమానురాలు నాంచారమ్మగారు: పైన ఇద్దరు, కింద ఒకరు.

మేదిని బడి గోడకూ కర్మాగారం గోడకూ నడుమ ఒక్క సందు. కొన్నాళ్ళుగా ఆ పిల్లకు పొద్దుటిపూట తలనొప్పి. ఒకనాడు పుస్తకం మూసి, పోయిన గొడుగు సంగతి చెప్పినంత మర్యాదగా తల్లితో చెప్పింది: “అమ్మా, ఏడో ఎక్కం ఎక్కడో పెట్టి మరిచిపోయాను.”

వకుళకు నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వు పెదవి దాటకముందే ఆరిపోయింది.

ఎందుకంటే ఆమె పరిశోధన ఆ సీసం మీదనే. మూడు గాజు పళ్ళేలలో ఆమె మెదడు కణాలను పెంచింది. మొదటి పళ్ళెంలో సీసం పోసింది, కణాలు ముడుచుకుపోయాయి. రెండో పళ్ళెంలో ముందుగా సరస్వతి ఆకు సారం పోసి, మర్నాడు సీసం పోసింది; కణాలు కొంతమేరకు నిలిచాయి. మూడో పళ్ళెం సంగతి నివేదికలో చివరి పేరాలో ఉంది. మేధా పరిరక్షణ సంస్థలో నివేదికల చివరి పేరా చదివే ఆచారం లేదు.

ఆ నివేదిక డైరెక్టరు పరాంకుశంగారి బల్లమీదకు చేరేసరికి అక్కడ రెండు అర్జీలు ఉన్నాయి. పొగ ఆపించండి బాబూ అని ఊరివాళ్ళది ఒకటి. బడి పక్కనే రెండో గొట్టం లేపడానికి అనుమతించండి అని కర్మాగారం వాళ్ళది మరొకటి. ఎదురెదురు అర్జీలు రెండింటికీ ఒకే సమాధానం చెప్పగలవాడే ఏలుబడికి తగినవాడని పరాంకుశంగారి సిద్ధాంతం. ఆయన నివేదిక తెరిచారు. రెండో పళ్ళెం దగ్గర ఆగారు. మూశారు.

మర్నాడే సమావేశం. ఆకు పచ్చడితో ఉప్మా పెట్టారు. పరాంకుశంగారు లేచి, గొంతు సవరించుకుని, సవరించిన గొంతును సభ అంతా ఒకసారి తిలకించేంత వ్యవధి ఇచ్చి, ప్రారంభించారు.

“పొగను ఆపుట వినాశాత్మక చర్య. పత్రమును తినిపించుట నిర్మాణాత్మక చర్య. ప్రభుత్వము ఎల్లప్పుడును నిర్మాణాత్మకముగానే వ్యవహరించును.”

చప్పట్లు మోగాయి. పథకానికి మేధోకవచం అని నామకరణం జరిగింది. ఊరివాళ్ళకు కవచం, కర్మాగారానికి గొట్టం. ఎవరి అర్జీ ఖాళీగా వెనక్కు పోలేదు.

వకుళ కొంగు సర్దుకుంది, కుర్చీ సర్దుకుంది. కళ్ళముందు పోయిన ఏడో ఎక్కం మెదిలి, ఈసారి చెయ్యి తనంతట తానే లేచింది. అది పళ్ళెంలోని కణాల మాటే గాని మనుషుల మాట కాదని ఆమె మనవి చేసింది. పళ్ళెములోనివైనను కణములే, ప్రజలలోనివైనను కణములే అని డైరెక్టరుగారు సెలవిచ్చారు. అప్పుడామె తన దగ్గరున్న ఆఖరి రాయి విసిరింది.

“ఆకు ముందు పడాలి సర్. మొదటి పళ్ళెంలో సీసం పడ్డాక ఆకు కూడా పోసి చూశాను, ఏ ఫలితమూ రాలేదు. ఈ ఊరు పొగ పీల్చడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది.”

పథకం కూలిందనుకుని వకుళ మెల్లగా కూర్చుంది. పరాంకుశంగారు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి వాటిలో ఆనందబాష్పాలున్నాయి.

“క్రమము! నేను వెదకుచున్నది అదియే. ముందు పత్రము, పిదప ధూమము. వ్రాసుకొనుడు.”

వ్రాసుకున్నారు. ప్రతి ఉదయం కర్మాగారం కూత వేయాలి. కూత వినగానే ఊరు ఊరంతా ఆకు తినాలి. తిన్నారని తేలాకే గొట్టం మూత తీయాలి. ఉత్తర్వు సిద్ధమైంది గాని డైరెక్టరుగారికి అందులో గాంభీర్యం చాలినట్టు తోచలేదు. స్వహస్తాలతో ఒక వాక్యం చేర్చారు: ‘పట్టణమున ఏ ఒక్క శిరస్సైనను పత్రరహితముగా నున్నంతవరకు ధూమవిమోచనము గావింపరాదు.’ శిరస్సు అన్న మాట ఆయనకు ఎంత నచ్చిందంటే, ఉత్తర్వును నల్లరాతిమీద చెక్కించి కర్మాగారం గుమ్మం ముందు నిలబెట్టించారు. రెండో గొట్టానికి ఇచ్చిన అనుమతిపత్రంలో కూడా ఆ వాక్యాన్నే మొదటి షరతుగా పెట్టించారు. రాయి నిలిచినంతకాలం తన వాక్యం నిలుస్తుందని ఆయన మురిసిపోయారు. ఆ మురిపెం మాట తరువాత.

పథకం మొదలైంది. రోడ్ల నడుమ, మురుగుకాలువల ఒడ్డున, పోలీసుస్టేషను మేడమీద సరస్వతి మడులు వెలిశాయి. దోమల మందు కొట్టే ఉద్యోగులను నాలుక పరిశీలకులుగా మార్చారు. పొద్దున్నే కూత, కూత వెంట వీధి వీధికీ పచ్చడి ముద్దల బండి, బండి వెంట చేతిలైటుతో పరిశీలకుడు. నోరు తెరిస్తే నాలుక పచ్చగా కనిపించాలి. ఆఖరి నాలుక కూడా పచ్చబడిందని కబురు అందాక కర్మాగారంమీద పచ్చజెండా లేచేది. జెండా వెంట పొగ లేచేది. పచ్చని నాలుకలతో ఊరంతా దగ్గేది.

నాంచారమ్మగారి వీధికి వచ్చే పరిశీలకుడు దావీదు. మర్యాదస్తుడు. నాలుక చూడవలసి వచ్చినందుకు ప్రతి ఇంటా నొచ్చుకునేవాడు.

“ఏందిరా దావీదూ, పొద్దున్నే నా నోట్లో లైటేస్తావు? లోపలేమన్నా దొంగలున్నారా?” అనేది నాంచారమ్మ.

“ఉద్యోగం మామ్మగారూ. ఒక్కసారి ఆ అనండి.”

ఆమె ఆ అనేది. ఆ పచ్చడి తనకెంతో రుచిగా ఉందని చెప్పి, రెండో ముద్ద కూడా అడిగి పుచ్చుకునేది. బండివాడు సంతోషించి, ఆమె పేరు పై అధికారులకు పంపాడు. ఉత్తమ పత్రాశిని అన్న బిరుదుతో ఆమెకు స్టీలు గిన్నె బహూకరించారు.

ఒక ఆచారమంటూ నాటుకున్నాక తీగ సాగక మానదు. పెళ్ళిపీటల మీద వరుడు నోరు తెరిస్తే గాని తాళిబొట్టు పళ్ళెంలోంచి లేచేది కాదు. పొరుగూరి చుట్టాలు బస్సు దిగుతూనే నాలుకలు జాపేవారు. ఆ దృశ్యం చూసి భయపడి ఒక బస్సు ఆగకుండానే వెళ్ళిపోయింది. రోడ్డు నడిమి మడిలో ఒక మేక పడి తృప్తిగా మేసింది. ప్రజల మేధస్సును పశువుకు మళ్ళించిన నేరం కింద దాని యజమానికి తాఖీదు వెళ్ళింది. మేక మీద మాత్రం చర్య తీసుకోలేకపోయారు; విచారణలో అది అధికారులందరికంటె నిబ్బరంగా ప్రవర్తించిందట.

ఇంతలో తలనొప్పుల సమస్య వచ్చింది. ఆకు తిన్నవారికి తలనొప్పి రాదు, కాబట్టి తలనొప్పి వచ్చినవారు ఆకు తిననివారు, కాబట్టి నేరస్థులు. ఈ తర్కం వెలువడిన మర్నాటినుంచి ఊళ్ళో ఒక్కరికీ తలనొప్పి లేదు. గడపలు పట్టుకుని నిలబడేవారు, గోడలకు నుదురు ఆన్చేవారు, ఏమిటని అడిగితే గోడ చల్లగా ఉందనేవారు. పెద్దల విద్య పిల్లలకు రాదు గదా. మేదిని బడిలో బల్లమీద తల వాల్చింది. ఆ సాయంత్రమే వకుళకు సంస్థనుంచి సంజాయిషీ తాఖీదు అందింది: పత్రరక్షణను కనుగొన్న శాస్త్రవేత్త గృహముననే పత్రద్రోహము జరుగుట శోచనీయము.

వకుళ కూతురి నుదుటిమీద తడిగుడ్డ వేసి, ఆ కాగితాన్ని విసనకర్రగా వాడింది.

ఆ వారంలోనే గొట్టం పగిలింది. బాగుచేసేందుకు కర్మాగారం కొన్నాళ్ళు ఆగింది. మొదటిరోజు ఆకాశం ఏ రంగో ఎవరికీ అంతుపట్టలేదు. రెండోరోజు తూర్పున కొండ కనిపించింది. కొండమీద గుడి, గుడిమీద కలశం. పిల్లలు బడి మానేసి చూశారు. పంతుళ్ళు మందలించడానికి వచ్చి వాళ్ళూ చూశారు. మేదిని పొద్దున్నే లేచి, తల పట్టుకోకుండా పాలు తాగి, మెట్లమీద కూర్చుని ఏడో ఎక్కం మొదలుపెట్టింది. ఏడు ఏడులు నలభై తొమ్మిది దాకా వెళ్ళింది. వంటింట్లో వకుళ చేతిలో గరిటె కదలడం మానేసింది. ఏడు ఎనిమిదులు దగ్గర పిల్ల ఆగింది. ఆగి, కొండను చూస్తూ ఉండిపోయింది.

సంస్థలో మాత్రం ఆందోళన అంతా ఇంతా కాదు. పచ్చడి రుబ్బడం ఆగదు, పరిశీలకులు తిరగడం ఆగదు, పొగ ఒక్కటే లేదు. శత్రువు లేని కోటకు కాపలా యేల అని పైనుంచి ఎవరైనా అడిగితే ఏం చెప్పడం? పరాంకుశంగారు కర్మాగారం మేనేజరును బతిమాలారు. కనీసం సాంబ్రాణి పాటి పొగైనా పంపమన్నారు. గొట్టమే లేదండీ అన్నాడతను. అప్పుడు డైరెక్టరుగారు స్వయంగా పూనుకుని, సంస్థ ఆవరణలో పాత టైర్లు పేర్పించి, తాత్కాలిక ధూమప్రదాన కేంద్రాన్ని జ్యోతి వెలిగించి ప్రారంభించారు. ఊరంతటికీ చాలకపోయినా, ఆ చుట్టుపక్కల ఇళ్ళకు పథకం అందింది.

ఆ సాయంత్రం వకుళ, నాంచారమ్మ డాబామీద కూర్చున్నారు. కొండమీద దీపం పెట్టారు. ఎన్నో ఏళ్ళ తరువాత అది ఊరి కళ్ళకు ఆనింది. టైర్ల పొగ నల్లజడలాగా ఒక మూలనుంచి లేస్తున్నది. గొట్టం బాగయ్యాక, రెండోదాన్ని కూడా మంత్రిగారు ఫాల్గుణంలో ప్రారంభిస్తారని, అది సరిగ్గా మేదిని తరగతి కిటికీ ఎదుట లేస్తుందని వకుళ చెప్పింది. ఇదంతా తన పరిశోధన వల్లనే గదా అంది. నాంచారమ్మ అడిగింది.

“పళ్ళేలు మూడన్నావు గదమ్మాయ్. రెండిటి సంగతి ఊరంతా చెప్పుకుంటన్నారు. ఆ మూడోదాంట్లో ఏం పోశావు?”

“ఏమీ పోయలేదు మామ్మగారూ. సీసం లేదు, ఆకూ లేదు. పోల్చి చూడటానికి పక్కన ఉంచానంతే.”

“అదెట్టా ఉంది?”

“అన్నిటికంటె అదే బాగుంది.”

“ఈ మాట మీ వాళ్ళకి చెప్పలేదా?”

“చివర రాశాను. ఎవరూ అడగలేదు.”

నాంచారమ్మ కొండమీద దీపానికి ఒక దణ్ణం పెట్టుకుంది. ఆ రాతిమీద ఏం చెక్కారో ఒకసారి చదవమంది. వకుళకు అది కంఠస్థం. శిరస్సుతో సహా అప్పజెప్పింది. ముసలామె పెదవులు కదుపుతూ ‘ఏ ఒక్క శిరస్సైనా’ అని రెండుసార్లు అనుకుంది. అనుకుని, మరేదో గుర్తొచ్చినట్టు అంది.

“మీ ఆయన రైల్లోనే గదా ఉండేది? కాశీకి ఒక టికెట్టు చూడమను. పోదాం పోదాం అనుకుంటానే ముసలైపోయాను.”

ఆమె కాశీ వెళ్ళింది. గొట్టం బాగైంది. కొండ పోయింది, గుడి పోయింది, ఏడో ఎక్కం మళ్ళీ పోయింది. ఫాల్గుణం వచ్చింది.

ప్రారంభోత్సవం రోజు కొత్త గొట్టానికి పూలదండ వేశారు. మండేదాని మెడలో దండ నిలుస్తుందా అని ఎవరూ అడగలేదు. మంత్రిగారు వేదికమీద కూర్చున్నారు. కూత వేశారు. బండ్లు తిరిగాయి. వీధులన్నీ పచ్చబడ్డాయని కబుర్లు వరసగా అందుతున్నాయి. పచ్చజెండా తాడు మంత్రిగారి చేతికిచ్చారు. అప్పుడు దావీదు చెమటలు కక్కుతూ వచ్చి డైరెక్టరుగారి చెవిలో ఏదో చెప్పాడు. డైరెక్టరుగారి ముఖం వాడిపోయింది.

“ఒక్క శిరస్సా?”

“ఒక్కటేనండి. నాంచారమ్మగారు. నిన్న రాత్రే కాశీనించి దిగారు. నోరు తెరిచారు, నాలుక జాపారు. నాలుకుంది గానండి, పచ్చ లేదు.”

జీపు వెళ్ళింది. పరాంకుశంగారు, వెనక సీట్లో వకుళ. నాంచారమ్మ గుమ్మంలో చాప వేసుకుని గంగ చెంబులకు మూతలు తుడుస్తున్నది. డైరెక్టరుగారు వంగి, రాష్ట్ర ప్రగతి ఆమె నోటిలో ఆగియున్నదని విన్నవించారు. ఆమె చెంబు కింద పెట్టింది.

“తినకూడదు బాబూ. కాశీకి పోతే ఒక పండూ ఒక ఆకూ వదిలిపెట్టి రావాలి గదా. పండు సీతాఫలం వదిలాను. ఆకు ఇదొదిలాను. గంగలో నిలబడి వదిలాను. ఇంక ఈ జన్మకి ముట్టేది లేదు.”

పరాంకుశంగారు శాస్త్రం తెలిసిన మనిషి. వెంటనే లోపం పట్టారు.

“వదలవలసినది మిక్కిలి ప్రియమైనదానిని గదా?”

“నాకు ప్రాణమయ్యా అదంటే. రోజూ రెండో ముద్ద అడిగి తిన్నాను. మీరేగా గిన్నె ఇచ్చారు?”

ఆమె లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చి చూపించింది. ఉత్తమ పత్రాశిని అన్న అక్షరాలు ఎండలో తళుక్కుమన్నాయి. వకుళ తల వంచుకుంది. నవ్వు దాచుకోవడానికి ఆమెకు సిగ్గు ఎప్పుడూ ఇంతగా ఉపయోగపడలేదు.

తరువాతి గంట అంతా కిందామీదా పడ్డారు. ఊరి పురోహితుణ్ణి పిలిపించి పరిహారం అడిగారు. కాశీలో వదిలినదాన్ని తింటే తిన్నవారికే గాక తినిపించినవారికి, తినిపించమన్నవారికి కూడా దోషం చుట్టుకుంటుందని ఆయన చెప్పాడు. ఆ మాట వేదికమీదకు చేరగానే మంత్రిగారు తాడు వదిలేసి, చేతులు తుడుచుకుని, తనకు వేరేచోట పెళ్ళి ఉన్నదని గుర్తుచేసుకున్నారు. ముసలామెను కొన్నాళ్ళు ప్రభుత్వ ఖర్చుతో ఊరు దాటిద్దామన్నాడు మేనేజరు. రామేశ్వరానికి తానెప్పుడూ సిద్ధమేనని, ఈలోగా ఎదురింటివాళ్ళు నలుగురు కాశీకి బయలుదేరుతున్నారని నాంచారమ్మ కబురు పంపింది. వాక్యాన్ని రాతిమీదనుంచి చెక్కేద్దామంటే, అనుమతిపత్రంలో మొదటి షరతు అదే. షరతు పోతే గొట్టమే పోతుంది.

చివరికి కర్మాగారం గుమ్మం ముందు పరాంకుశంగారు వకుళవైపు తిరిగారు. గొంతు తగ్గించారు. శాస్త్రవేత్తగా ఆమె ఒక్క మాట వ్రాసి ఇస్తే చాలు: ఒక శిరస్సు లెక్కలోనికి రాదని.

వకుళ కొంగు సర్దుకోలేదు. కుర్చీ అక్కడ లేదు.

“రాయలేను సర్. పళ్ళెంలో నేను ఒక్కొక్క కణాన్నీ లెక్కపెట్టాను. రాతిమీద మీరు ఒక్కొక్క శిరస్సునూ లెక్కపెట్టారు. మీ వాక్యమే బాగుంది.”

తన వాక్యాన్ని ఎవరైనా మెచ్చుకుంటే కాదనే శక్తి పరాంకుశంగారికి పుట్టుకతో లేదు. ఆయన నల్లరాతివైపు చూశారు. శిరస్సు అన్న మాట దగ్గర చూపు ఆగింది. ఆగి, కొంత తడి అయింది.

ఆనాడు పొగ లేవలేదు. మర్నాడూ లేవలేదు. కొలిమిపాడు నాంచారమ్మను కళ్ళలో పెట్టుకుని కాపాడింది. ఆమె తుమ్మితే వీధి వీధంతా మిరియాల కషాయంతో వచ్చేది. అయినా మనిషి ప్రాణం గదా అని, ముందుజాగ్రత్తగా ప్రతి వాడనుంచీ కొందరు కాశీకి వెళ్ళి ఆకు వదిలి వచ్చారు. కాశీ తనకు పనికిరాదని దావీదు చర్చిలో ప్రార్థన చేసి వదిలేశాడు. మసీదు వీధిలో వాళ్ళ వాళ్ళ మొక్కులు వాళ్ళు చూసుకున్నారు. కర్మాగారం కొద్దివారాలు కన్నీరు కార్చింది. పిమ్మట, ఏనాడో కొని గోదాములో పడుకోబెట్టిన పొగ వడపోత యంత్రం ఒకటి ఉన్నట్టు గుర్తొచ్చి, దుమ్ము దులిపి బిగించుకుంది. పొగ లేనప్పుడు ధూమవిమోచనమూ లేదు. కొలిమి మండింది, కూలీలకు పని నిలిచింది, రాతికి భంగం కలగలేదు.

మేధోకవచం సంపూర్ణ విజయం సాధించినట్టు పరాంకుశంగారు పైకి నివేదిక పంపారు. పత్రప్రభావము ఎంతటిదనగా, తినకుండినను పొగను ఆపినది అని అందులో వ్రాశారు. సత్కారం జరిగింది. సత్కారం శాలువాతోనే ఒకరోజు వకుళను పిలిపించారు. ఎవరో ఆయనకు చివరి పేరా చదివి వినిపించారట.

“ఆ మూడవ పళ్ళెమున ఏ ద్రవ్యమును పోసితిరి?”

“ఏమీ పోయలేదు సర్.”

ఆయన కలం తీశారు.

“ఆ ఏమియు పోయకుండుటను పట్టణమంతటికిని సరఫరా చేయుటకు వ్యయమెంత యగును?”

“ఏమీ కాదు సర్.”

పరాంకుశంగారి ముఖంలో నిజమైన విచారం కనిపించింది. వ్యయము లేని పథకమును పైవారు ఆమోదింపరని, మరియొకమారు యోచింపుమని, ఆమెను దయతో సాగనంపారు.

వకుళ ఇంటికి వచ్చేసరికి సాయంత్రపు వెలుగు మెట్లమీద పరుచుకుని ఉన్నది. మేదిని పుస్తకం ఒడిలో పెట్టుకుని, తెరవకుండానే, ఊగుతూ చదువుతున్నది. కింద గుమ్మంలో నాంచారమ్మ చిక్కుళ్ళు ఒలుస్తూ వింటున్నది. ఏడు ఆరులు నలభై రెండు. ఏడు ఏడులు నలభై తొమ్మిది. ఏడు ఎనిమిదులు... పిల్ల ఆగింది. నాంచారమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. వకుళ కాలు మెట్టుమీద ఆగింది.

మేదిని కొండవైపు ఒకసారి చూసి, అక్కడ పెట్టి మరిచిపోయినదేదో తీసుకున్నట్టు చెప్పింది.

“యాభై ఆరు.”